‘సీడెడ్’ అను మాట

చలనచిత్రముల వసూళ్ల లెక్కలు చెప్పునపుడు మన వ్యాపారులు నేటికిని తెలుగుదేశమును మూడు పాళ్లుగా పంచుదురు: నైజాము, సీడెడ్, ఆంధ్ర. నైజాము పాలన 1948లోనే ముగిసినది. ‘సీడెడ్ జిల్లాలు’ అను పేరు ప్రభుత్వపు కాగితములనుండి తొలగి చాలకాలమైనది. అయినను బొమ్మల వ్యాపారమున కా పేర్లే చాలుచున్నవి. ఆదోనిలో గాని, ఎమ్మిగనూరిలో గాని సినిమాహాలు ముందర నిలిచిన యువకుని ‘సీడెడ్ అనగా నేమి నాయనా?’ అని అడిగినచో, ‘మన రాయలసీమయే గదా’ అనును. ఆ జవాబు తప్పు కాదు. కాని ఇంగ్లీషులో ఆ మాట ఊరి పేరు కాదు, సీమ పేరును కాదు. ఒక క్రియనుండి పుట్టిన విశేషణము. ఎవరో ఎవరికో దేనినో ‘సీడ్’ చేసిరి. చేసినవా రెవరు, పుచ్చుకొన్నవా రెవరు, ఆ పనికి సరియైన తెలుగు మాట యేది అను సంగతిని శ్రోతలతో ముచ్చటింపవలెనని మా ఉద్దేశము.

ముందుగా ఒక చిక్కును విడదీయవలెను. ఆదోని పత్తిసీమ. అక్కడివారికి ‘సీడ్’ అనిన వెంటనే విత్తనము తోచును. తెలుగు లిపిలో రెండును ఒకే రీతిగా కనబడును గాని, వాని పుట్టుక వేరు. మన ‘సీడెడ్’లోని సీడ్ లాటినునందలి ‘కేదెరె’ అను ధాతువునుండి వచ్చినది. దానికి నడచు, తొలగు, దారియిచ్చు అని అర్థములు. ముందునకు నడచుట ప్రొసీడ్. వెనుకకు తగ్గుట రిసీడ్. ఒకరి తరువాత ఒకరు వచ్చుట సక్సీడ్. వాదములో ఎదుటివాని మాటకు దారియిచ్చుట కన్సీడ్. ఇవి యన్నియు తోబుట్టువులే. కనుక ‘సీడ్’ అను మాటలో ఇచ్చుట కంటె తొలగుట ముఖ్యము. ఒక ప్రభువు ఒక నేలమీదినుండి తప్పుకొనును, మరియొక ప్రభువు అక్కడికి వచ్చును. ఇంటిలో పొరుగువారు ఉప్పు అడిగినచో ఉప్పును ‘సీడ్’ చేయరు, ‘గివ్’ చేయుదురు. రాజ్యములకు, హక్కులకు మాత్రమే ఈ మాట చెల్లును.

దీనికి చుట్టములైన మాటలు ఇంగ్లీషులో చాల గలవు. ‘గ్రాంట్’ అనునది పైవాడు క్రిందివానికి దయతో ఇచ్చునది. ‘సరెండర్’ అనునది ఆయుధము క్రింద పెట్టి లోబడుట. ‘యీల్డ్’ అనిన వంగుట, ఒత్తిడికి లొంగుట. పొలము పంట నిచ్చుటకును అదే మాట. ఇంగ్లీషువారి పాతభాషలో దానికి చెల్లించుట యని యర్థము. ‘అసైన్’ అనునది ఒక పాలును గుర్తించి ఒకరి వశము చేయుట. ‘ట్రాన్స్‌ఫర్’ అనునది రంగులేని మాట. ఇక్కడిది అక్కడికి పోయినదని చెప్పును గాని, ప్రేమతో పోయినదో, పీడనచే పోయినదో చెప్పదు.

ఈ తేడాలను మన రైతునకు నేర్పవలసిన పనిలేదు. దానపత్రము, ఈనాము, కౌలు, భోగ్యము, మారకము, శుద్ధక్రయము అనునవి వేరువేరని అతడు ఎరుగును. భోగ్యమున కిచ్చిన చేను పంట అప్పిచ్చినవాడు తినును, కాని చేను తనదే. బాకీ తీరిననాడు తిరిగి వచ్చును. శుద్ధక్రయమైన చేను తిరిగి రాదు. ఇంత మాత్రము తెలిసినచో 1800 నాటి సంధిపత్రమును చదువుటకు వేరొక నిఘంటువు అక్కరలేదు.

ఆదోని చరిత్రయే ఈ మాటలకు ఒక ఉదాహరణమాల. విజయనగర రాజులకు అది పెట్టని కోట. 1565లో రాక్షసితంగడి యుద్ధమైన మూడేండ్లకు బీజాపూరు సుల్తానుల వశమైనది. వారి పక్షమున పాలించిన సిద్ది మసూదుఖాను ఊరిలో జామియా మసీదు కట్టించెను. మంచాల గ్రామమును శ్రీ రాఘవేంద్రస్వామివారికి ఇచ్చినవాడును అతడే యని మంత్రాలయపు సంప్రదాయము చెప్పుచున్నది. అది ‘గ్రాంట్’, మన మాటలో దానము. బీజాపూరు పడిపోయిన పిదప మొగలు సేన ఆదోనిని ముట్టడించెను. సేనాని గాజీయుద్దీన్ ఫిరోజ్‌జంగు, అనగా మొదటి నిజాము తండ్రి, ఫిరంగులను మసీదు వైపునకు త్రిప్పించెననియు, తాను కట్టించిన ప్రార్థనాలయము కూలుట చూడలేక మసూదుఖాను కోట తాళములు అప్పగించెననియు చెప్పుదురు. ఇది 1688 నాటి మాట. ఆ పనికి ‘సరెండర్’ తప్ప వేరు పేరు లేదు. మొగలులు కోటకు ఇంతియాజ్‌గఢ్ అని క్రొత్త పేరు పెట్టిరి గాని జనుల నోట అది నిలువలేదు.

పిదప ఆదోని నిజాముల సొత్తైనది. నిజాం అలీ సోదరుడైన బసాలత్ జంగు దానిని జాగీరుగా అనుభవించెను. 1782లో బసాలత్ జంగు చనిపోయిన నాలుగేండ్లకు, 1786లో, టిప్పు సుల్తాను ముట్టడించి కోటను పట్టుకొని గోడలు పడగొట్టించెను. మరుసటి సంవత్సరపు సంధిలో అది మరల నిజామునకు వచ్చినది. దానము, జాగీరు, లొంగుబాటు, జప్తు, వాపసు అన్నియు ఆయెను. ‘సీడ్’ ఒక్కటే మిగిలినది.

టిప్పు సుల్తాను 1799లో శ్రీరంగపట్టణమున కూలెను. అతని రాజ్యములో నిజామునకు రెండు పర్యాయములు భాగము వచ్చెను: మొదట 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన, తరువాత 1799 నాటి మైసూరు సంధివలన. ఆ నేల నిజాము చేతిలో ఎన్నాళ్లో నిలువలేదు. హైదరాబాదులో కుంపిణీవారి సైన్యము కలదు. నిజాము రక్షణకని చెప్పి ఉంచిన సైన్యమే, దాని జీతములు నిజాము ఇచ్చుకొనవలెను. 1800 అక్టోబరు 12వ తేదీ సంధిలో ఆ సైన్యమును ఇంకను పెంచిరి. నెలనెల రొక్కమిచ్చుటకు మారుగా, ఆ రెండు సంధులవలన తనకు వచ్చిన నేలనంతయు నిజాము కుంపిణీకి శాశ్వతముగా వదలుకొనెను. ఇదియే ‘సెషన్’, వదలబడినవి ‘సీడెడ్ జిల్లాలు’. జీతము బాకీకి చేను వ్రాసియిచ్చుట వంటిది.

ఇక్కడ చదువరులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. ఆదోని టిప్పు రాజ్యపు పంపకములో వచ్చినది కాదు. అంతకు ముందునుండియు నిజామునదే. కావున పైనిచెప్పిన షరతులో అది చేరదు. మరి ఎట్లు పోయినది? ఆ తరువాతి షరతులో జవాబు కలదు. వదలుకొన్న నేలలో కొంత తుంగభద్రకు ఉత్తరమున నున్నది: కొప్పళము, గజేంద్రగడము మొదలైనవి. నదిని దాటి ఆవలి ఒడ్డున ముక్కలుగా నేల నుండుట కుంపిణీకి అనుకూలము కాదు. హద్దు తిన్నగా ఉండవలెను. నదికంటె మంచి హద్దు లేదు. కనుక కొప్పళము, గజేంద్రగడములను నిజామే ఉంచుకొనునట్లును, వానికి మారుగా ఆదోనిని, తుంగభద్రకు దక్షిణమున తనకు మిగిలిన తక్కిన నేలతో కూడ, కుంపిణీకి ఇచ్చునట్లును ఒడంబడిక జరిగెను. అనగా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతము నిక్కముగా ‘సీడెడ్’ అయినది కాదు. అది మారకపు సొమ్ము. ఎద్దునకు ఎద్దు మార్చుకొన్నట్లు, ఒక సీమకు ఒక సీమ మార్చుకొనిరి. పటముపై గీత తిన్నగా వచ్చినది.

ఆ గీత ఎంతదూరము పోయినదో చూడుడు. ఆదోని కుంపిణీ పాలనలోనికి, అటుపిమ్మట మద్రాసు రాజధానిలోనికి వచ్చినది. కొప్పళము మాత్రము 1948 దాక నిజాము రాజ్యములో నుండెను. ఒక సీమ రైతునకు మన్రో దొర రైత్వారీ పట్టా, రెండవ సీమ రైతునకు హైదరాబాదు అమలు. ఒకరికి మద్రాసు విశ్వవిద్యాలయము, ఒకరికి ఉస్మానియా. నూటనలువదియెనిమిదేండ్లు ఒక షరతు ఇన్ని కుటుంబముల బ్రతుకు నడిపినది.

మాటకును మాటకును గల భేదము తెలియుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము నది ఆవలి ఒడ్డుననే కలదు. ఎమ్మిగనూరునకు ఉత్తరమున తుంగభద్ర దాటినచో రాయచూరు సీమ. 1853లో కుంపిణీ మరల సైన్యపు ఖర్చుల బాకీ చూపి నిజామును ఒత్తిడి చేసెను. ఈ పర్యాయము బీరారు, ఉస్మానాబాదు ప్రాంతము, రాయచూరు అంతర్వేది కుంపిణీ వశమైనవి. కాని సంధిలో పడిన మాట ‘అసైన్’. ఆ ప్రాంతములకు ‘అసైన్డ్ జిల్లాలు’ అని పేరు వచ్చినది. పాలన కుంపిణీది, రాబడి లెక్క నిజామునకు చూపవలెను, ప్రభుత్వపు హక్కు నిజామునదే. మన భాషలో భోగ్యము. అట్లగుటచేతనే 1860లో రాయచూరు, ఉస్మానాబాదు నిజామునకు తిరిగి వచ్చినవి. బీరారు రాలేదు; దానికై సాలార్‌జంగు జీవితకాలమంతయు వాదించెను. 1902లో కర్జను ప్రభువు సంవత్సరమునకు 25 లక్షల రూపాయల కౌలునకు శాశ్వతముగా పుచ్చుకొనెను. అప్పుడును నేల నిజామునదే యని ఒప్పుకొనియే కౌలు వ్రాసిరి. 1936లో నిజాము కుమారునకు ‘బీరారు యువరాజు’ అని బిరుదమిచ్చుటయు ఆ ఒప్పుదల ఫలమే.

నదికి ఈవలి ఒడ్డు ‘సీడ్’ అయినది, తిరిగి రాలేదు; తిరిగి ఇమ్మని అడుగుటకు త్రోవయు లేదు. ఆవలి ఒడ్డు ‘అసైన్’ అయినది, ఏడేండ్లలో తిరిగి వచ్చినది. న్యాయముగా చెప్పవలెనన్న, ఈ భేదమంతయు క్రియాపదము ఒక్కదానిదే కాదు. 1800 సంధిలో ‘శాశ్వతముగా’ అను విశేషణము కూడ కలదు. అట్టి కట్టు లేని ‘అసైన్’ సడలి యుండును. దస్తావేజు వ్రాయు కరణములకు ఈ కిటుకు బాగుగ తెలియును.

ఈ సంధులన్నిటిలో ఇచ్చువాడు ఒకడు, పుచ్చుకొనువాడు ఒకడు. ‘సీడ్’ అను క్రియకు ఆ ఇద్దరితోడనే పని. నేలమీద నున్నవారికి వాక్యములో చోటు లేదు. ఆ చోటు లేనివారు 1801లో తెర్నేకల్లున మాటాడిరి. అది ఆదోనికి తూర్పున నున్న కోటగ్రామము. క్రొత్త సర్కారునకు శిస్తు కట్టుటకు గ్రామస్థులు ఒప్పుకొనలేదు. తగవు ముదిరి తహశీలుదారు చంపబడెను. జనులు కోట తలుపులు మూసికొనిరి. కుంపిణీ సేన మొదటి పర్యాయము ఎక్కలేక వెనుదిరిగెను. రెండవ పర్యాయము కోట పట్టుకొని లోపలివారిని కత్తిపాలు చేసెను. సంధి జరిగి అప్పటికి ఏడాది యైనది కాబోలు. ఆ గ్రామస్థులకు సంధిపత్రమును ఎవ్వరును చదివి వినిపించియుండరని మా తలంపు.

దత్తసీమకు మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 నుండి 1807 వరకు అతడు పనిచేసెను. పాళెగాండ్రను అణచుట, పొలములు కొలిపించుట, శిస్తు కట్టుట అతని పనులు. అతనిని గూర్చి మంత్రాలయమున చెప్పు కథ ప్రసిద్ధమే. మఠపు ఈనాము విచారణకు వచ్చిన దొరకు బృందావనమునుండి స్వామివారు దర్శనమిచ్చి మాటలాడిరనియు, ఈనాము నిలిచినదనియు చెప్పుదురు. చరిత్రకారుడు దానిని ఎట్లు తూచినను, కథలోని వ్యవహారజ్ఞానమును మేము మెచ్చుచున్నాము. ప్రభుత్వము చేతులు మారినపుడు పాత దానము నిలుచునా, పోవునా అను భయమే ఆ కథకు మూలము. రాజు నేలను ‘సీడ్’ చేసెను. ఆ నేలలోని ‘గ్రాంటు’ గతి యేమి? మన్రో పిదప మద్రాసు గవర్నరై, ఈ సీమను మరల చూడవలెనని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి మరణించెను.

సీడెడ్ జిల్లాలను 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విడదీసిరి. ఆదోని బళ్లారి జిల్లాలో చేరినది. కర్నూలు సంగతి వేరు. అది 1839 వరకు నవాబు చేతిలో నుండెను. 1800లో కుంపిణీకి వచ్చినది ఆ నవాబు కట్టు పేష్కషు మాత్రమే. చిత్తూరు జిల్లాలో పెద్దభాగము ఆర్కాటు నవాబునుండి వచ్చినది. బొమ్మల వ్యాపారులు అన్నిటిని ఒక్క గంపలో వేసి ‘సీడెడ్’ అనుట చరిత్రకు సరిపడదు. అయినను వసూళ్ల లెక్కలలో చరిత్ర వెదకుట మన తప్పే యగును.

ఇంగ్లీషు మాటకు తెలుగు కావలసి వచ్చినపుడు మన పండితులు ‘దత్తమండలములు’ అనిరి. ‘దత్త’ సంస్కృతమున ఇయ్యబడినది యని యర్థము గల పదము. వ్యాకరణము చెడలేదు. కాని మాట చెవిని పడునపుడు వ్యాకరణ మొక్కటే వినబడదు. దత్తము అనిన వెంటనే దత్తపుత్రుడు తోచును, ధారాదత్తము తోచును, కన్యాదానములో నీళ్లువిడుచుట తోచును. ప్రేమతోనో, పుణ్యముకొరకో చేసిన దానమని ధ్వని. నిజాము ప్రేమతో ఇచ్చెనా? సైన్యపు జీతమునకు వదలుకొనెను. ఇంగ్లీషు మాటలో లేని పుణ్యమును మనము తెలుగులో కల్పించితిమి. దానితోపాటు ఇచ్చిపుచ్చుకొనదగిన వస్తువులమను చిన్నతనమును మన నెత్తి నెత్తుకొంటిమి. ‘త్యక్తమండలములు’ అనినచో అర్థము సరిపోవును గాని, వినుటకు మరింత దీనముగ నుండెడిది.

ఈ చిన్నతనము నూరేండ్లకు పైగా సాగినది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినది. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు అధ్యక్షుడు. ఆ సందర్భముననే దత్తమండలముల సభయు కూడినది. అందు చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అను పేరు సూచించిరి. పప్పూరి రామాచార్యులవారు దానిని తీర్మానముగా ప్రతిపాదించిరి. సభ ఆమోదించెను. క్రొత్త పేరులో ఇచ్చినవాడును లేడు, పుచ్చుకొన్నవాడును లేడు. ఈ నేలను ఏలిన రాయల పేరు కలదు. తరువాత తొమ్మిదేండ్లకు, 1937 నవంబరు 16న, శ్రీబాగు ఒడంబడిక వ్రాసినపుడు కోస్తా నాయకులు, సీమ నాయకులు సమానస్కంధులుగా కూర్చుండిరి. ‘దత్త’ యని పిలిపించుకొనుచు అట్లు కూర్చుండుట కొంచెము కష్టమే గదా.

‘సెషన్’ అను మాట తెలుగువారి యెదుటకు మరల ఒకమారు వచ్చినది, గోదావరీతీరమున. యానాము 1954లో ఫ్రెంచి పాలననుండి విడివడినది. ఆ యేడు నవంబరు 1న ఫ్రెంచివారి స్థావరముల పరిపాలన భారతప్రభుత్వము చేతికి వచ్చెను. దానిని ‘ట్రాన్స్‌ఫర్’ అనిరి, హక్కు మాత్రము ఇంకను మారలేదు కనుక. హక్కు మారుటకు 1956 మే 28న వ్రాసికొన్న సంధికే ‘సెషన్ సంధి’ యని పేరు. అది 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చినది. ఈ ఎనిమిదేండ్ల యెడము ట్రాన్స్‌ఫర్ అనుదానికిని, సెషన్ అనుదానికిని గల యెడమే. తెలుగువారు మాత్రము ‘విలీన’మనిరి, ‘దత్త’మని యెవరును అనలేదు. పాలన మారుటకు ముందు ఆ స్థావరముల ప్రజాప్రతినిధులు కూడి ఓట్లు వేసియుండిరి గనుక, విలీనమను మాట ఇమిడినది.

ఆదోనికి 1953లో మరియొక మార్పు వచ్చినది. ఆంధ్రరాష్ట్ర మేర్పడునపుడు బళ్లారి జిల్లాను భాషనుబట్టి పంచవలసి వచ్చెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, తక్కిన తాలూకాలు మైసూరునకు అని నిర్ణయమైనది. బళ్లారి తాలూకాపై తగవు పెరిగి, న్యాయమూర్తి మిశ్రాగారి విచారణ జరిగి, చివర కదియు మైసూరునకే పోయినది. అక్టోబరు 1న ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరినవి. అప్పుడు ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోని ఊరు. దాని నేతగాండ్ర సహకార సంఘము అప్పటికి పదునైదేండ్లది. ఇంటిలో కన్నడము, అంగడిలో తెలుగు, సంతలో ఉర్దూ మాటలాడు జనులుగల ఈ సీమలో ఒక్క భాష పేర గీత గీయుట సులభము కాదు. అందరును సంతోషించిరని మేము చెప్పజాలము. కాని ఈ గీతను గూర్చి వార్తాపత్రికలు వ్రాసినవి, సభలు జరిగినవి, విచారణలో సాక్ష్యములు పలికినవి, జనులు ఎన్నుకొన్న సభ్యులున్న పార్లమెంటులో చట్టము చర్చకు వచ్చినది. 1800లో ఇందులో ఒక్కటియు లేదు.

మూడేండ్లకు, 1956లో, కొప్పళము మైసూరు రాష్ట్రమున చేరినది. 1997లో ప్రత్యేకముగా జిల్లా యైనది. ఆదోని కర్నూలు జిల్లాలో రెవిన్యూ డివిజను కేంద్రముగ నున్నది. ఒకదానికి బదులుగా ఒకటి ఇయ్యబడిన ఆ రెండు ఊళ్ల నడుమ నేడును తుంగభద్ర పారుచున్నది. కొప్పళమువారును, ఆదోనివారును మంత్రాలయమునకు వచ్చి ఒకే స్నానఘట్టమున మునుగుచుందురు.